"కుక్క ఉన్నా పర్లేదండి" అన్నదెవరు?

హైదరాబాద్‌లో అద్దె ఇంటికి వెళ్తే ఓనర్లు ఏం అడుగుతారో అందరికీ కంఠస్థమే. ఫ్యామిలీయా, బ్యాచిలర్సా? ఏ కంపెనీ? వెజ్జా, నాన్‌వెజ్జా? సొంతూరు ఏది అని మొదలుపెట్టి మిగతాది కూడా మెల్లగా రాబడతారు. వీటన్నిటికీ ఓనరుకు నచ్చే జవాబులే ఉన్నా ఫోన్ కట్టయిపోయే మాట ఒకటుంది: "మాకో కుక్క ఉందండి."

దీనికి ఎక్కడ చూసినా దొరికే సలహా ఒకటే. అద్దె ఇళ్ళ వెబ్‌సైట్లో 'పెట్స్ అలవ్డ్' అన్నచోట టిక్కు పెట్టి వెతకమని. ఆ టిక్కును నేను నమ్మను. ఫ్లాట్‌కు బాల్కనీ ఉంటుంది, లిఫ్ట్ ఉంటుంది, మంజీరా నీళ్ళ కనెక్షన్ ఉంటుంది. 'పెట్ ఫ్రెండ్లీ' అనే గుణం మాత్రం ఫ్లాట్‌కు ఉండదు. అది నలుగురు విడివిడిగా ఒప్పుకోవాల్సిన విషయం: ఓనరు, అపార్ట్‌మెంట్ అసోసియేషన్, అదే ఫ్లోర్లో పక్కవాళ్ళు, వాచ్‌మన్. ఎక్కువసార్లు ఆ టిక్కు పెట్టింది ఈ నలుగురిలో ఎవరూ కాదు, ఫొటోలు ఎక్కించిన బ్రోకరు. ఎన్ని కాలమ్‌లు నింపితే అన్ని ఫోన్లొస్తాయని పెట్టేస్తాడు.

అందుకే చవకగా ఇల్లు దొరకడమంటే ఏమిటో ముందు లెక్కేసుకోవాలి. అద్దె 20,000 అనుకుందాం. బ్రోకరుకు ఒక నెల అద్దె 20,000. ప్యాకర్స్ అండ్ మూవర్స్‌కు ఓ 10,000. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో అడ్వాన్సులోంచి ఇంకో నెల అద్దె కోత, అది 20,000. అంటే ఒకసారి ఇల్లు మారితే అటూఇటూ 50,000. కుక్క సంగతి దాచిపెట్టి దిగి, గొడవై నాలుగో నెలలో ఖాళీ చేస్తే ఆ 50,000 నాలుగు నెలల మీద పడుతుంది. అప్పుడు మీరు కట్టిన అద్దె నెలకు 32,500. అదే కుక్క గురించి చెప్పి, 22,500కి ఒప్పుకున్న ఇంట్లో 11 నెలల అగ్రిమెంట్లు రెండు, అంటే 22 నెలలు ఉంటే, బ్రోకరుకూ పెయింటింగ్‌కూ పోయే అద్దె పెరిగి మారిన ఖర్చు 55,000 అయినా నెలకు 2,500 పడుతుంది, అంతే. మొత్తం 25,000. నెలకు 2,500 ఎక్కువైన ఇల్లే చవక పడింది. కుక్కతో ఉండేవాళ్ళ జేబుకు చిల్లుపెట్టేది అద్దె కాదు, మాటిమాటికీ ఇల్లు మారడం.

"ముందు దిగుదాం, తర్వాత చూసుకుందాం" అనేవాళ్ళు చాలామందే. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు ఉంటుంది ఆ వ్యవహారం. కుక్కను దాచడం ఎలాగూ కుదరదు. మొదటి రోజు వాచ్‌మన్ చూస్తాడు, రెండో రోజు పనిమనిషి చెబుతుంది, మూడో రోజు అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో లిఫ్ట్ ఫొటో పడుతుంది.

చట్టం మన వైపే ఉందని కొందరు ధైర్యం చెబుతారు. సగం నిజం. ఏ సగమో తెలుసుకోకపోతే తప్పు మనిషి దగ్గర తప్పు వాదన చేసి పరువు పోగొట్టుకుంటాం. భారత జంతు సంక్షేమ బోర్డు 2015 ఫిబ్రవరి 26న అసోసియేషన్ల కోసం మార్గదర్శకాలు ఇచ్చింది. మెజారిటీ తీర్మానం చేసినా సరే, పెంపుడు కుక్కల్ని నిషేధించే అధికారం అసోసియేషన్‌కు లేదని అందులో ఉంది. కుక్క సైజు చూసి ఒకదాన్ని ఒప్పుకుని ఇంకోదాన్ని కాదనకూడదు. కుక్కతో లిఫ్ట్ ఎక్కొద్దనకూడదు, ఎక్కినందుకు విడిగా డబ్బులు అడగకూడదు. మూతికి మజిల్ కట్టి తీరాలని బలవంతపెట్టకూడదు. బెల్టు లేకుండా కామన్ ఏరియాలో తిప్పొద్దని, శుభ్రత చూసుకోమని మనకూ చెప్పింది. ఆ తర్వాత 2021 నవంబరులో కేరళ హైకోర్టు, పెంపుడు జంతువుల్ని ఉంచుకోకూడదనే అసోసియేషన్ నిబంధనలు చెల్లవని తీర్పిచ్చింది. ఆ తీర్పుకు ఇక్కడి కోర్టులు కట్టుబడి ఉండక్కర్లేదు. కానీ అసోసియేషన్ సెక్రెటరీ గారి ముందు పెట్టడానికి బరువున్న కాగితమే.

ఇదంతా అసోసియేషన్ సంగతి. ఓనరు సంగతి వేరు. తన ఫ్లాట్ ఎవరికివ్వాలో ఆయన ఇష్టం. కుక్క ఉన్నవాళ్ళకు ఇవ్వనంటే పై మార్గదర్శకాలు పట్టుకెళ్ళి ఆయన ముందు చదవడం వల్ల ఒరిగేదేమీ లేదు. పెంపుడు జంతువులు ఉండకూడదని అగ్రిమెంటులో రాసి ఉంటే, దాని కింద మీరు సంతకం పెట్టి ఉంటే, మాట తప్పింది మీరే. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ చట్టం చూసుకునేది పూజారిని. దేవుడు వరమిచ్చాడో లేదో మనమే చూసుకోవాలి.

ఇంకో కాగితం గ్రూపుల్లో తిరుగుతుంటుంది. పిట్‌బుల్, రాట్‌వైలర్ లాంటి 23 జాతుల్ని ఆపమంటూ 2024 మార్చి 12న కేంద్రం రాష్ట్రాలకు పంపిన లేఖ. దాన్ని కర్ణాటక హైకోర్టు ఆ ఏప్రిల్‌లోనే కొట్టేసింది. రాట్‌వైలర్ ఉన్నవాళ్ళకు ఆ తీర్పు ఫోన్‌లో ఉండటం మంచిది. అయితే తీర్పు చూపిస్తే నోరు మూయించగలం గానీ భయం పోగొట్టలేం. ఆ జాతులున్నవాళ్ళు అపార్ట్‌మెంట్ ఆలోచన మానుకుని ఇండిపెండెంట్ ఇళ్ళ వైపు చూడటమే నయం.

సరే, ఓనర్ని ఎలా ఒప్పించాలి? మొదటి ఫోన్‌లోనే, రెండో వాక్యంలోనే కుక్క మాట చెప్పేయాలి. ఇల్లు చూశాక చెబుదామనుకుంటే పది ఇళ్ళకు పెట్రోలు కాలుతుంది, ఆదివారాలు పోతాయి. ఫోన్‌లో చెబితే పది ఇళ్ళలో ఎనిమిదింటి సంగతి పది నిమిషాల్లోనే తేలిపోతుంది. చెప్పే తీరులో తేడా ఉంటుంది. "పెట్స్ ఓకేనా అండి?" అంటే ఎవరైనా వద్దనే అంటారు, ఎందుకంటే వాళ్ళ కళ్ళముందు మెదిలేది వీధిలో వెంటపడిన కుక్క. దాని బదులు ఇలా:

"నమస్తే అండి, టూలెట్ బోర్డు చూసి చేస్తున్నాం. మేం భార్యాభర్తలం, ఇద్దరం ఉద్యోగాలు. ఆరేళ్ళ ఆడకుక్క ఒకటుంది, 18 కేజీలు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది, టీకాల పుస్తకం ఉంది. ఇప్పుడున్న ఓనర్ గారి నంబరిస్తాం, మాట్లాడి చూడండి. ఇబ్బందనుకుంటే ఇప్పుడే చెప్పేయండి, ఏమీ అనుకోం."

చివరి వాక్యం ముఖ్యం. కాదనడానికి దారి వదిలితే కొందరు కాదనరు. "పోనీ ఓసారి రండి, చూద్దాం" అంటారు.

వెళ్ళేటప్పుడు ఫైలు పట్టుకెళ్ళాలి. యాంటీ రేబిస్ టీకా తేదీలున్న పుస్తకం, మునిసిపల్ కార్పొరేషన్ ఇచ్చే పెంపుడు కుక్క లైసెన్సు, ఆపరేషన్ సర్టిఫికెట్. లైసెన్సు అడిగే ఓనరు నూటికి ఒక్కడు కూడా ఉండడు. అడక్కుండా చూపించినప్పుడే దానికి విలువ. ఓనరు పక్క వీధిలోనే ఉంటే, ఇప్పుడున్న ఇంటికి వచ్చి చూసుకోమనండి. తలుపు చెక్కలు కొరికి ఉన్నాయా, వాసన వస్తుందా అన్నది పది నిమిషాల్లో ఆయనకే తెలిసిపోతుంది. ఆయన భయాలు సాధారణంగా మూడు: వాసన, పక్కవాళ్ళ ఫిర్యాదు, తలుపుల మీద గీతలు. నాలుగోది బయటికి చెప్పరు, పూజ గది. దాని గురించి వాదన పెట్టుకోవద్దు. మడీ ఆచారం గట్టిగా పాటించే ఇల్లయితే నమస్కారం పెట్టి వచ్చేయడమే, ఒప్పించి దిగినా ఆ ఇల్లు మనకు అచ్చిరాదు. 'వెజ్ ఓన్లీ' అన్న ఇంట్లో కుక్కకు ఉడికించే చికెన్ కూడా లెక్కలోకి వస్తుంది. ఆ మాట ముందే తేల్చుకోవాలి.

ఇక్కడే హైదరాబాద్‌కు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. ఓనరు డల్లాస్‌లో ఉంటాడు. తాళాలు బావమరిది దగ్గరో, కింద ఫ్లోర్ ఆంటీ దగ్గరో ఉంటాయి. "కుక్క ఉన్నా పర్లేదండి" అన్నది ఆ బావమరిది. అడ్వాన్సు పడింది ఓనరు ఖాతాలో. మూడు నెలలకు సెక్రెటరీ ఫోన్ చేస్తే ఓనరు "నాకెవరూ చెప్పలేదే" అంటాడు, నిజంగానే ఎవరూ చెప్పి ఉండరు. అందుకని టోకెన్ వేయకముందే ఓనరు నంబరు నుంచే వాట్సాప్‌లో ఒక్క ముక్క రావాలి. మీరు "ఫలానా ఫ్లాట్‌లో మాతోపాటు ఒక కుక్క ఉంటుంది, మీకు సమ్మతమేనా" అని రాయండి, ఆయన "ఓకే" అంటే చాలు. టైమ్ జోన్ చూసుకుని ఒక రాత్రి ఆగాల్సొస్తుంది. ఆగండి. "ఇంకో పార్టీ రెడీగా ఉంది సార్, ఇప్పుడే టోకెన్ కొట్టండి" అని బ్రోకరు తొందరపెడితే ఇంకా గట్టిగా ఆగండి.

తొందర ఎవరిదో కాలాన్ని బట్టి మారుతుంది. స్కూళ్ళు తెరిచే ముందు, మే నెల నుంచి జూన్ మధ్య దాకా, ఇల్లు వెతికేవాళ్ళే ఎక్కువ. అప్పుడు ఓనరు పిల్లలున్నవాళ్ళనే ఏరుకుంటాడు, కుక్క మాట వినే ఓపిక ఉండదు. ఆషాఢం వచ్చిందా, కథ తిరగబడుతుంది. శూన్యమాసంలో ఇల్లు మారడానికి చాలా కుటుంబాలు ఇష్టపడవు. పుష్యంలోనూ అంతే. ఆ నెలంతా ఫ్లాట్ ఖాళీగా ఉంటే ఓనరుకు 20,000 అద్దె పోవడమే కాదు, మెయింటెనెన్స్ ఎదురు కట్టాలి. ముహూర్తాల పట్టింపు లేనివాళ్ళకు కుక్కతో సహా ఒప్పందం కుదిరేది ఈ నెలల్లోనే. అద్దె తగ్గించమని అడక్కుండా, అదే అద్దెకు కుక్కను ఒప్పుకోమనడం నా లెక్కలో మంచి బేరం. రెండూ అడిగితే రెండూ పోతాయి.

ఎలాంటి బిల్డింగ్ అన్న దగ్గర నాకు స్పష్టమైన పక్షపాతం ఉంది. గేటెడ్ కమ్యూనిటీలో రూల్స్ రాతలో ఉంటాయి, తిప్పడానికి చోటుంటుంది, నిలకడ ఉంటుంది. కానీ అద్దె, మెయింటెనెన్స్ కలిపితే చవక అన్న మాటే ఉండదు. కింద పార్కింగ్, పైన ఐదు ఫ్లోర్లుండే స్టాండలోన్ అపార్ట్‌మెంట్‌లో ఖర్చు తక్కువ. అక్కడ బైలాస్, అంటే అసోసియేషన్ రాసుకున్న నిబంధనలు, ఎవరూ చదవరు, పది పదిహేను ఫ్లాట్లలో గొంతున్న ఒక్కరిదే రాజ్యం. ఆ ఒక్కరు ఎవరో దిగకముందే కనుక్కోవాలి. వాచ్‌మన్‌ని అడిగితే నవ్వుతూ చెప్పేస్తాడు. పెంట్‌హౌస్ అని మనవాళ్ళు పిలిచే టెర్రస్ మీది ఇల్లు చవకగా వస్తుంది, కుక్కకు ఆరుబయట చోటు కూడా. కానీ ఏప్రిల్, మే నెలల్లో ఆ స్లాబ్ కింద మనుషులకే ఊపిరాడదు, ఒత్తు బొచ్చున్న కుక్కకు నరకం. పైగా వాటిలో చాలావాటికి అనుమతులుండవు. నా ఓటు పాత కాలనీల్లో ఇండిపెండెంట్ ఇంటి గ్రౌండ్ ఫ్లోర్ పోర్షన్‌కు. తార్నాక, వనస్థలిపురం, సైనిక్‌పురి లాంటి చోట్ల ఇంకా దొరుకుతాయి. ఓనరు పైనే ఉంటాడు కాబట్టి ఒప్పించాల్సింది ఒక్క మనిషిని, సెక్రెటరీ బెడద లేదు. ఒకే చిక్కు, గేటు. పైవాళ్ళు బండి తీయడానికి గేటు తెరిచి వదిలేస్తే కుక్క రోడ్డెక్కుతుంది. లోపల రెండో గేటు పెట్టుకోవడానికి చోటుందో లేదో చూసుకోండి.

దూరం గురించి ఒక మాట. అద్దె తక్కువని ఊరి అవతలకి వెళ్ళి, ఆఫీసు హైటెక్ సిటీలో అయితే, తొమ్మిది గంటల ఉద్యోగానికి రానూపోనూ మూడు గంటలు కలిపి కుక్క పన్నెండు గంటలు ఒంటరిగా ఉంటుంది. ఎదిగిన కుక్క ఆరు నుంచి ఎనిమిది గంటలు మూత్రం ఆపుకోగలదు. ఆ తర్వాత బాల్కనీలో పోస్తుంది, లేదా అరుస్తుంది. పక్కవాళ్ళ ఫిర్యాదులకు మూలం సగం ఇదే, కుక్క స్వభావం కాదు. మధ్యాహ్నం వచ్చి తిప్పే మనిషిని పెట్టుకుంటే తగ్గిన అద్దె ఆ జీతానికే సరి. ఉప్పల్, తార్నాక వైపు వెతికేవాళ్ళకు నాగోల్ – రాయదుర్గం మెట్రో మారాల్సిన పని లేకుండా హైటెక్ సిటీ చేరుస్తుంది. ఎల్బీనగర్ వైపు నుంచైతే అమీర్‌పేటలో మారాలి. ఇల్లు ఎంచుకునేటప్పుడు కిలోమీటర్లు కాదు, కుక్క ఒంటరిగా ఉండే గంటలు లెక్కపెట్టాలి.

ఇల్లు చూడటానికి వెళ్ళినప్పుడు బెడ్‌రూమ్ కప్‌బోర్డులు తర్వాత చూడొచ్చు. ముందు గోడ చూడండి. రెండు ఫ్లాట్ల మధ్య నాలుగున్నర అంగుళాల ఇటుక గోడే ఉంటే ఇక్కడ మొరిగింది అక్కడ హాల్లో మొరిగినట్టే. మనతో వచ్చినవాళ్ళను లోపల నిలబెట్టి, ఫోన్‌లో మొరిగే శబ్దం గట్టిగా పెట్టి, తలుపు వేసి, మనం కారిడార్‌లోంచి వినాలి. చూసినవాళ్ళు నవ్వుతారు, నవ్వనీయండి. కార్నర్ ఫ్లాట్, మెట్ల పక్క ఫ్లాట్ అయితే ఒక పక్క గోడకు మనుషులుండరు. గుమ్మం లిఫ్ట్‌కు ఎదురుగా ఉంటే లిఫ్ట్ ఆగిన ప్రతిసారీ మొరుగుడే, అలాంటిది వద్దు. నున్నటి విట్రిఫైడ్ టైల్స్ మీద పెద్ద కుక్కల వెనక కాళ్ళు జారతాయి, తుంటి నొప్పి ఉన్నదానికి మరీ కష్టం. అది నడిచే దారిలో రబ్బరు మ్యాట్లు వేయాలి, ఆ ఖర్చు మనదే. మార్బుల్, తాండూరు బండ ఉన్న ఇల్లయితే మూత్రం మరక పట్టేస్తుంది, వెంటనే తుడవాలి. ఫినాయిల్‌తో కడిగితే మనకు వాసన తెలియదు గానీ కుక్కకు తెలుస్తుంది, మళ్ళీ అక్కడే పోస్తుంది. ఎంజైమ్ క్లీనరే వాడాలి.

పిల్లి ఉన్నవాళ్ళకు అసోసియేషన్‌తో పేచీ తక్కువ, బాల్కనీతో ఎక్కువ. పావురాల కోసం కట్టే నైలాన్ వలను పిల్లి వారంలో కొరికేస్తుంది. ఇనుప మెష్ బిగించాలి, దానికి గ్రిల్‌కు రంధ్రాలు వేయాలి, దానికి ఓనరు అనుమతి కావాలి. అగ్రిమెంటుకు ముందే అడిగేస్తే తర్వాత గొడవుండదు.

పొద్దున ఆరింటికి ఒకసారి, రాత్రి పదింటికి ఒకసారి ఆ వీధికి వెళ్ళి చూడండి. బిల్డింగ్ కింద వీధికుక్కలు ఎన్నున్నాయి, వాటికి అన్నం పెట్టేదెవరు, వాచ్‌మన్ కుటుంబంతో వాటికెంత చనువు? సెల్లార్‌ను తమ ఇల్లనుకునే నాలుగు కుక్కల మధ్యనుంచి రోజుకు మూడుసార్లు మన కుక్కను తీసుకెళ్ళాలంటే ఆ ఇల్లు ఎంత చవకైనా వద్దు.

అన్నీ కుదిరాక అగ్రిమెంటు. 11 నెలలకు రాస్తారు, ఎందుకంటే ఏడాది దాటితే 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టర్ చేయించాలి. డాక్యుమెంట్ రైటర్ దగ్గరుండేది ఎప్పటిదో ఇంగ్లీషు నమూనా. పేర్లు, అంకెలు మార్చి ప్రింటు తీస్తాడు. అందులో పెంపుడు జంతువులు ఉంచరాదన్న వాక్యం ఎక్కడో ఏడో పాయింటులో ఉండిపోతుంది. ఓనరు నోటితో ఒప్పుకున్నా ఆ వాక్యం ఉంటే అదే గెలుస్తుంది. కొట్టేయించి పక్కన ఇద్దరూ చిన్న సంతకాలు చేయాలి. దాని స్థానంలో కుక్క జాతి, వయసు, ఎన్ని కుక్కలో రాయించండి. కుక్క కారణంగా ఖాళీ చేయమంటే ఒక నెల కాకుండా రెండు నెలల నోటీసు ఇవ్వాలని అడగండి. కుక్కతో ఇంకో ఇల్లు దొరకడానికి ఎంత టైము పడుతుందో ఇప్పటికి మీకు తెలిసే ఉంటుంది. ఇక్కడ అడ్వాన్సు సాధారణంగా రెండు మూడు నెలల అద్దె. ఓనరు ఇంకా తటపటాయిస్తుంటే కుక్క కోసం మరో సగం నెల అద్దె తిరిగిచ్చే డిపాజిట్‌గా ఇస్తామనండి. కానీ అది వేటికి కోస్తారో రాతలో ఉండాలి: తలుపులు, దోమల మెష్, కప్‌బోర్డు అంచులు. అంతే. 'సాధారణ నష్టాలు' అన్న మాట రాయనివ్వొద్దు, దాంట్లో డిపాజిట్ మొత్తం మునిగిపోతుంది.

దిగిన తర్వాత గొడవలు పెద్ద విషయాల మీద రావు, కారు టైర్ల మీద వస్తాయి. సెల్లార్‌లో టైరు కనిపించగానే మగ కుక్క కాలెత్తుతుంది, ఆ కారు సెక్రెటరీ గారిదై ఉంటుంది. లిఫ్ట్ దిగాక గేటు దాటేదాకా బెల్టు పొట్టిగా పట్టుకోవాలి, సంచిలో పాత న్యూస్ పేపరు, నీళ్ళ సీసా ఉండాలి. లిఫ్ట్‌లో చిన్నపిల్లలో పెద్దవాళ్ళో ఉంటే తర్వాతి ట్రిప్పుకు ఆగడం మన హక్కును వదులుకోవడం కాదు, సెక్రెటరీకి వెళ్ళే ఫోన్ ఒకటి తగ్గించుకోవడం. వాచ్‌మన్ పిల్లలకు కుక్క పేరు నేర్పండి. పేరు తెలిసిన కుక్క మీద ఫిర్యాదు రాదు.

ఖాళీ చేసే రోజుకి పని తాళాలు తీసుకున్న రోజే మొదలవ్వాలి. సామాను దించకముందే ప్రతి తలుపు కింది భాగం, కిటికీ మెష్, గోడల మూలలు నెమ్మదిగా వీడియో తీసి అదే రోజు ఓనరు వాట్సాప్‌కు పంపేయండి. అంతకుముందు ఉన్నవాళ్ళు చేసిన గీతలు కూడా అందులో ఉంటాయి. తలుపులకు కింది అంచు నుంచి రెండున్నర అడుగుల ఎత్తు దాకా పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ షీటు అతికిస్తే గోళ్ళ గీతలు దాని మీదే పడతాయి, వెళ్ళేటప్పుడు పీకేయొచ్చు. పీకే ముందు హెయిర్ డ్రయర్‌తో కాస్త వేడి చేయండి, లేకపోతే పాలిష్ కూడా దాంతోపాటే ఊడొస్తుంది.